స్టెర్న్‌డ్రైవ్ శబ్దాలు: పాత పడవల్లో లోప నిర్ధారణ, మరమ్మతు

స్టెర్న్‌డ్రైవ్ అంటే పడవ లోపల, వెనుక భాగంలో అమర్చిన ఇంజిను శక్తిని వెనుక పలక గుండా బయటికి తెచ్చి, నీటిలో వేలాడే గేరు పెట్టె ద్వారా ప్రొపెల్లరుకు అందించే యంత్రాంగం. ఇంజిను లోపల, గేర్లు బయట ఉంటాయి కనుక దీన్ని ఇన్‌బోర్డ్-అవుట్‌బోర్డ్ అనీ, శక్తి రెండుసార్లు లంబకోణంలో మలుపు తిరుగుతుంది కనుక జెడ్-డ్రైవ్ అనీ అంటారు. పడవను మలుపు తిప్పడానికి ప్రత్యేకంగా చుక్కాని ఉండదు. డ్రైవే పక్కలకు తిరుగుతుంది, లోతు తక్కువ చోట పైకి కూడా లేస్తుంది. ఇలా కదిలే గేరు పెట్టెలోకి నీరు చొరకుండా శక్తిని పంపడమే ఈ నిర్మాణంలోని కష్టం. పాత పడవల్లో వినిపించే శబ్దాల్లో చాలావాటికి మూలం కూడా అక్కడే ఉంది.

కాకినాడ, విశాఖపట్నం రేవుల్లోని చేపల మరపడవల్లో ఇంజిను నుంచి ప్రొపెల్లరు దాకా తిన్నని షాఫ్టు ఉంటుంది. చిన్న ఫైబరు పడవలకు వెనుక తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్లు వాడతారు. స్టెర్న్‌డ్రైవ్ ఈ రెండింటికీ నడిమి రకం. అమెరికా, కెనడా సరస్సుల్లోనూ ఉత్తర ఐరోపా తీరాల్లోనూ విహార పడవలకు దశాబ్దాలుగా వాడుకలో ఉంది. 1980ల్లో, 1990ల్లో తయారైన వేల పడవలు నేటికీ నడుస్తున్నాయి. ఈ వ్యాసం ప్రధానంగా వాటి గురించి.

చరిత్ర

వాణిజ్యపరంగా నిలదొక్కుకున్న తొలి స్టెర్న్‌డ్రైవ్ స్వీడన్ సంస్థ వోల్వో పెంటా తెచ్చిన ఆక్వామాటిక్. దాన్ని 1959లో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో జనం ముందుకు తెచ్చారు. రూపకర్తగా పేరు పొందిన అమెరికన్ ఇంజినీరు జిమ్ విన్ అంతకుముందు మెర్క్యురీ అవుట్‌బోర్డ్ మోటార్లు తయారుచేసే కీకేఫర్ సంస్థలో పనిచేశారు. ఆ సంస్థ 1961లో మెర్‌క్రూజర్ పేరుతో సొంత డ్రైవును మార్కెట్లోకి దింపింది. మరుసటి ఏడాది అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్, అంటే ఓఎమ్‌సీ, కూడా రంగంలోకి వచ్చింది.

వోల్వో పెంటా 1982లో ఒకదాని వెనుక ఒకటి ఎదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్ల డ్యుయోప్రాప్‌ను తెచ్చింది. మెర్‌క్రూజర్ ఆల్ఫా వన్ 1983లోనూ, దాని రెండో తరం 1991లోనూ వచ్చాయి. ఎక్కువ శక్తిగల ఇంజిన్ల కోసం అదే సంస్థ 1980ల చివర బ్రావో శ్రేణిని ప్రవేశపెట్టింది. ఓఎమ్‌సీ కోబ్రా 1986లో మొదలైంది. 2000 డిసెంబరులో ఓఎమ్‌సీ దివాలా తీయడంతో కోబ్రాలకూ అంతకుముందటి ఓఎమ్‌సీ డ్రైవులకూ కర్మాగారపు అండ పోయింది. వాటి విడిభాగాల కోసం ఇతర తయారీదారుల మీదా, పాత సామాను మీదా ఆధారపడాలి. మరమ్మతు చేయాలా, డ్రైవునే మార్చాలా అన్న నిర్ణయంలో ఈ సంగతి బరువుగా నిలుస్తుంది (చూ. మరమ్మతా, మార్పిడా).

శక్తి నడిచే దారి

ఇంజిను ఫ్లైవీలుకు బిగించిన కప్లరుతో దారి మొదలవుతుంది. కప్లరు నడుమ గాళ్ల రంధ్రం, చుట్టూ కుదుపును మింగే రబ్బరు ఉంటాయి. దాని గాళ్లలో కూర్చునే షాఫ్టు, ట్రాన్సమ్ అని పిలిచే వెనుక పలకలోని గింబల్ బేరింగు గుండా బయటికి వస్తుంది. బయట రెండు క్రాస్‌లున్న యూ-జాయింట్లు ఉంటాయి. లారీ ప్రొపెల్లర్ షాఫ్టులో మెకానిక్కులు క్రాస్ అని పిలిచేది ఇదే. అక్కడి నుంచి పై గేరు పెట్టెలో శక్తి నిలువుగా కిందికి మళ్లుతుంది. నిలువు షాఫ్టు ద్వారా కింది గేరు పెట్టెకు చేరి, మళ్లీ అడ్డంగా తిరిగి ప్రొపెల్లరుకు అందుతుంది.

క్రాస్ జాయింటుకు ఒక స్వభావం ఉంది. వంగిన కోణంలో తిరిగేటప్పుడు దాని వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. రెండు జాయింట్లను సరైన వరుసలో పెడితే ఒకదాని ఎగుడుదిగుడును మరొకటి సర్దేస్తుంది. ఒక క్రాస్ అరిగి బిగుసుకున్నా, ప్లే వచ్చినా ఈ సర్దుబాటు చెడుతుంది. నేరుగా వెళ్లేటప్పుడు లేని శబ్దం మలుపులో వినిపించడానికి కారణం ఇదే.

యూ-జాయింట్లను కప్పి ఉంచేది రబ్బరు బెలోస్, అంటే ముడతల గొట్టం. ఇది నీటిమట్టానికి కింద ఉంటుంది. పాత డ్రైవుల్లో ఎగ్జాస్టుకూ, గేరు మార్చే కేబులుకూ కూడా విడిగా బెలోస్ ఉంటాయి. వోల్వో పాత డ్రైవుల్లో, ఉదాహరణకు 270, 280, 290 శ్రేణుల్లో, అమరిక కొంత వేరు. అక్కడ గింబల్ బేరింగుకు బదులు ఫ్లైవీలు హౌసింగులో బేరింగుల మీద తిరిగే ప్రాథమిక షాఫ్టు ఉంటుంది. మెర్‌క్రూజర్‌లో గింబల్ బేరింగు నుంచి వచ్చే గరగర ఇక్కడ ఆ బేరింగుల నుంచి వస్తుంది.

న్యూట్రల్‌లో ఏవి తిరుగుతాయి

లోపాన్ని వెతికేవారు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. డ్రైవులు రెండు కుదుళ్లుగా చీలేది ఇక్కడే.

మెర్‌క్రూజర్ ఆల్ఫాలోనూ, కోబ్రాలోనూ గేరు పట్టించే డాగ్ క్లచ్ కింది గేరు పెట్టెలో ఉంటుంది. ఇంజిను తిరుగుతున్నంతసేపూ యూ-జాయింట్లు, పై గేర్లు, నిలువు షాఫ్టు, కింది పెట్టెలోని ముందు, వెనుక గేర్లు అన్నీ తిరుగుతూనే ఉంటాయి. ప్రొపెల్లరు షాఫ్టు ఒక్కటే ఆగి ఉంటుంది. ఆల్ఫాలో శీతలీకరణ నీటి పంపు నిలువు షాఫ్టు మీదే ఉంది కనుక ఆ షాఫ్టు న్యూట్రల్‌లో కూడా తిరగక తప్పదు.

బ్రావోలోనూ, వోల్వో ఆక్వామాటిక్ సంతతిలోనూ కోన్ క్లచ్ పై గేరు పెట్టెలో ఉంటుంది. న్యూట్రల్‌లో పై గేర్లు మాత్రమే తిరుగుతాయి, నిలువు షాఫ్టు నుంచి కిందంతా నిశ్చలం. నిలువు షాఫ్టు ఆగిపోతుంది కాబట్టే ఈ రకాల్లో నీటి పంపును ఇంజిను వైపు పెట్టారు. న్యూట్రల్‌లో శబ్దం వస్తుంటే ఈ రకంలో కింది పెట్టెను విప్పడం వృథా శ్రమ. అదే శబ్దం ఆల్ఫాలో వస్తే కింది పెట్టెను అనుమానితుల జాబితా నుంచి తీసేయడానికి వీల్లేదు.

మామూలు శబ్దాలు

ఒడ్డున, నీటి గొట్టం తగిలించి నడిపినప్పుడు గేర్ల మీద నీటి భారం ఉండదు. ఇంజిను సిలిండర్లు పేలే ప్రతి పోటుకూ గేరు పళ్లు ముందుకూ వెనక్కూ తట్టుకుంటాయి. ఐడిల్‌లో వచ్చే ఆ గలగల లోపం కాదు, నీటిలో దిగి గేరు పడగానే అణగిపోతుంది. ఆల్ఫా గేరు పడేటప్పుడు వచ్చే ఒక్క టక్కు కూడా డాగ్ క్లచ్ స్వభావమే. ఇంజిను ఆపి, ముందు గేరులో ఉంచి ప్రొపెల్లరును చేత్తో తిప్పితే ఒక వైపు పట్టుకుంటుంది, మరో వైపు కటకటమంటూ జారుతుంది. ఇది చూసి గేర్లు పోయాయని బెదిరినవాళ్లు చాలామంది ఉన్నారు.

డ్రైవును బాగా పైకి లేపి ఇంజిను తిప్పితే మంచి యూ-జాయింట్లు కూడా తడతడలాడతాయి. కోణం హద్దు దాటిన చోట అవి నిశ్శబ్దంగా తిరగలేవు. అలా నడపడం వల్ల లేని లోపం పుట్టుకొస్తుంది. పరీక్ష ఎప్పుడూ డ్రైవు దించిన స్థితిలోనే జరగాలి.

లోపపు శబ్దాలు

గింబల్ బేరింగు చెడితే రాయి మీద రాయి నూరినట్టు గరగర వస్తుంది. గేరుతో సంబంధం ఉండదు, ఇంజిను వేగంతో పాటు పెరుగుతుంది. పడవ లోపల, వెనుక పలక దగ్గర చెవి పెడితే స్పష్టంగా వినిపిస్తుంది. మొదట్లో మలుపుల్లోనే వినిపించి, కొన్ని నెలల్లో నేరుగా వెళ్లేటప్పుడు కూడా మొదలవుతుంది. గ్రీజు ఎక్కిస్తే కొన్నాళ్లు తగ్గుతుంది. ఆ తగ్గుదలను మరమ్మతు అనుకుంటే పొరపాటు. పూర్తిగా విరిగిన బేరింగు షాఫ్టును ఊగనిస్తుంది, ఊగే షాఫ్టు కప్లరు గాళ్లను తినేస్తుంది.

యూ-జాయింట్లు అరిగితే మలుపులో టకటక వస్తుంది, స్టీరింగు తిన్నగా పెట్టగానే ఆగిపోతుంది. డ్రైవును కొద్దిగా లేపినా, దించినా శబ్దం మారుతుంది. ఒక వైపు మలుపులోనే ఎక్కువగా ఉండటం తరచూ కనిపించేదే. అయితే పవర్ స్టీరింగు పంపు కూడా మలుపులో కూస్తుంది. అది సన్నని ఏకధార కూత, యూ-జాయింటుది విడివిడి దెబ్బల శబ్దం.

కప్లరు శబ్దం ఇంజినుకూ వెనుక పలకకూ మధ్య పుడుతుంది. లోహం గీరిన కీచు, కాలిన రబ్బరు వాసన, ఇంజిను వేగం పెరిగినా పడవ కదలకపోవడం దాని గుర్తులు. చివరి లక్షణం ప్రొపెల్లరులోని రబ్బరు హబ్ జారినా వస్తుంది. హబ్ జారితే సాధారణంగా మెల్లగా వెళ్లేటప్పుడు పడవ నడుస్తుంది, థ్రాటిల్ ఇవ్వగానే పట్టు వదులుతుంది. కప్లరు మార్చాలంటే ఇంజినును కదిలించాలి. అంత పనికి దిగేముందు హబ్ మీద గుర్తుగీత గీసి ఒకసారి నడిపి చూడటం నిమిషాల పని.

గేర్లు, వాటి బేరింగులు చెడితే వచ్చేది ఊళ. వేగంతో దాని స్థాయి పెరుగుతుంది, థ్రాటిల్ వదలగానే స్వరం మారుతుంది. పళ్లు చిట్లితే చుట్టుకొక దెబ్బ వినిపిస్తుంది. గేరు పడేటప్పుడు కరకర వచ్చినా, పడిన గేరు తనంతట తాను జారినా మొదట చూడవలసింది గేర్లను కాదు, కేబులును. ఆల్ఫాలో డ్రైవు వైపు కేబులు ఏళ్లు గడిచేకొద్దీ బిగుసుకుపోతుంది. గేరు విడిపించేటప్పుడు క్షణం పాటు ఇంజిను మంటను ఆపే స్విచ్చు కూడా సరిగా పనిచేయాలి. ఈ రెండిటినీ నిర్లక్ష్యం చేస్తే డాగ్ క్లచ్ మూలలు గుండ్రంగా అరిగిపోయి, చిన్న ఖర్చు పెద్దదవుతుంది.

ప్రొపెల్లరు రెక్క వంగినా, షాఫ్టు వంకర తిరిగినా శబ్దం కంటే అదురు ఎక్కువ. పాదాలకు తెలుస్తుంది. ఇక డ్రైవుకు సంబంధమే లేనివి కొన్ని డ్రైవు శబ్దాల్లా వినిపిస్తాయి: ఎగ్జాస్టు గొట్టంలోని తలుపు రేకులు ఐడిల్‌లో తట్టుకోవడం, ఆల్టర్నేటరు బేరింగు, ఇంజిను మౌంటు బోల్టు వదులవడం.

పరీక్షా క్రమం

శబ్దం ఏ భాగానిదో శబ్దపు రకాన్ని బట్టి చెప్పడం కష్టం. అది ఎప్పుడు మారుతుందో గమనించి చెప్పడం తేలిక. గరగర, కరకర, గలగల అన్న మాటలు మనిషి మనిషికీ మారతాయి, కానీ మలుపులో పెరిగింది, గేరు తీస్తే పోయింది అన్న వాస్తవాలు మారవు. అందుకే అనుభవజ్ఞులు పానా పట్టేముందు పడవలో కూర్చుని ఒక్కొక్క స్థితినే మారుస్తూ వింటారు. మొదట న్యూట్రల్‌లో ఐడిల్, తర్వాత అదే స్థితిలో స్టీరింగు కుడి చివరకూ ఎడమ చివరకూ, తర్వాత గేరు పడి నెమ్మదిగా, చివరికి భారంతో. ఒకేసారి రెండు స్థితులు మార్చకూడదు.

స్థానం పట్టడానికి మెకానిక్ స్టెతస్కోపు వాడతారు. అది లేనిచోట పొడవాటి స్క్రూడ్రైవరు కొనను హౌసింగు మీద ఆన్చి, పిడిని చెవి దగ్గర పెట్టి వినడం పాత పద్ధతి. తిరిగే బెల్టులకు దూరంగా ఉంటే ఇప్పటికీ పనికొచ్చేదే. గింబల్ హౌసింగు, పై గేరు పెట్టె, ఇంజిను ముందు భాగం, ఈ మూడు చోట్ల విని పోల్చాలి.

అప్పటికీ తేలకపోతే డ్రైవును పడవ నుంచి విప్పి, ఇంజినును ఒక్కదాన్నే కొద్దిసేపు తిప్పాలి. షాఫ్టు డ్రైవుతో పాటు బయటికి వచ్చేస్తుంది కనుక గింబల్ బేరింగు కూడా తిరగదు. శబ్దం ఇంకా ఉంటే అది ఇంజినుది లేదా కప్లరుది, పోతే గింబల్ బేరింగు, యూ-జాయింట్లు, గేర్లు, ఈ మూడింటిలో ఒకటి. ఈ పరీక్షలో ఇంజినుకు వేరే గొట్టంతో నీరు అందించాలి. ఆల్ఫాలో పంపే డ్రైవుతో పోయింది, పంపు ఇంజిను వైపు ఉన్న రకాల్లో దాని ఇంపెల్లరు నీరు లేక కాలిపోతుంది.

గేరు ఆయిలు చెప్పేది

డ్రైవు విప్పకముందే తెలిసే సంగతి ఒకటి ఆయిలులో ఉంది. పడవను ఒక రాత్రి కదలకుండా ఉంచి, మర్నాడు కింది ప్లగ్ వదులు చేస్తే అడుగున చేరిన నీరు ముందుగా కారుతుంది. నడిచిన వెంటనే తీస్తే నీరు కలిసిపోయి ఆయిలు పాలు కలిసిన కాఫీ రంగులో కనిపిస్తుంది. రెండూ సీలు పోయిందనే చెబుతాయి. ప్రొపెల్లరు వెనుక చుట్టుకున్న చేపల గాలపు తీగ షాఫ్టు సీలును కోసేయడం తరచూ జరిగేదే. అయస్కాంతపు ప్లగ్‌కు అంటిన బూడిద రంగు సన్నని పిండి మామూలు అరుగుదల. వేళ్ల మధ్య నలిపితే గుచ్చుకునే తునకలు కనిపిస్తే గేరు లేదా బేరింగు విరిగింది, ఇక నడపకూడదు.

తిరిగి నింపేటప్పుడు ఆయిలును కింది రంధ్రం నుంచి పైకి పంపు చేయాలి, పై నుంచి పోస్తే గాలి చిక్కుకుంటుంది. పై రంధ్రంలోంచి బుడగలు లేని ఆయిలు వచ్చాక పై ప్లగ్, తర్వాత కింది ప్లగ్ బిగించాలి. ప్లగ్ వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయాలి.

మరమ్మతు

మెర్‌క్రూజర్ ఆల్ఫాను దించడానికి గేరును ముందు స్థానంలో పెట్టాలి, లేకపోతే గేరు షాఫ్టు కొన విడివడదు. డ్రైవును లేపి దించే ట్రిమ్ సిలిండర్ల వెనుక పిన్ను, తర్వాత బెల్ హౌసింగుకు బిగించిన ఆరు నట్లు తీసి డ్రైవును తిన్నగా వెనక్కి లాగాలి. బరువు ఒక మనిషి మోసేది కాదు, లిఫ్టుతోనే పట్టుకోవాలి. బెలోస్‌లోంచి తుప్పు రంగు నీరు కారితే రోగం సగం తెలిసినట్టే.

గింబల్ బేరింగు లోపలి రింగును వేలితో తిప్పి చూడాలి. ఎక్కడా గరుకు తగలకూడదు. మార్చాల్సివస్తే స్లైడ్ హ్యామరుతో లాగి, కొత్తదాన్ని తగిన డ్రైవరుతో తిన్నగా దించాలి. గ్రీజు వెళ్లే రంధ్రం బేరింగు చుట్టూ ఉండే రింగు చీలికకు ఎదురుగా రావాలి, లేకపోతే ఎంత గ్రీజు ఎక్కించినా బేరింగుకు చేరదు. యూ-జాయింట్లను రెండు దిశల్లోనూ వంచి చూడాలి. మెత్తగా, సమంగా తిరగాలి. ఎక్కడైనా గాడిలో పడినట్టు ఆగితే సర్‌క్లిప్పులు తీసి, కప్పులు వత్తి, క్రాస్ సెట్టు మార్చాలి.

బెలోస్ పైకి బాగున్నట్టు కనిపించినా ఈ సందర్భంలో మార్చడమే మేలు. ముడతల లోయల్లోని పగుళ్లు డ్రైవును ఒక వైపు తిప్పి సాగదీస్తే గానీ కనబడవు. చాలా పాత డ్రైవుల్లో గింబల్ బేరింగు, క్రాస్‌లు, చివరికి కప్లరు చెడటానికి మూల కారణం చవకైన ఈ రబ్బరు ముక్కే. బేరింగు మార్చి పాత బెలోస్ ఉంచేస్తే అదే పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

తర్వాతది అలైన్‌మెంట్. దీన్ని వదిలేసిన మరమ్మతు ఎక్కువకాలం నిలవదు. పొడవాటి అలైన్‌మెంట్ కడ్డీ కొనకు గ్రీజు పూసి, గింబల్ బేరింగు గుండా కప్లరు గాళ్లలోకి నెట్టాలి. రెండు వేళ్లతో జారి వెళ్లాలి. బయటికి తీసి చూస్తే గ్రీజు మీద గాళ్ల ముద్ర చుట్టూ సమంగా ఉండాలి. ఒకవైపే లోతుగా పడితే ఇంజిను ముందు మౌంట్ల ఎత్తు సర్ది మళ్లీ పరీక్షించాలి. పాత ఫైబరు పడవల్లో ఇక్కడొక చిక్కుంది. ఇంజినును మోసే దూలాలు ఫైబరు పొరలో చుట్టిన చెక్క. వాటిలోకి నీరు చేరి కుళ్లితే ఇంజిను ఏటా కొద్దిగా కిందికి దిగుతుంది. సరిచేసిన అలైన్‌మెంట్ ఒక సీజనులోనే చెడితే తప్పు కడ్డీది కాదు, చెక్కది. దాన్ని బాగుచేయకుండా కప్లర్లు మార్చడం నీళ్లలో డబ్బు పోయడమే.

తిరిగి ఎక్కించేటప్పుడు షాఫ్టు గాళ్లకు తగిన గ్రీజు, కొత్త ఓ-రింగులు, కొత్త గాస్కెటు ఉండాలి. ఆల్ఫా ఆరు నట్ల బిగింపు 68 న్యూటన్ మీటర్లు.

గేరు పెట్టె తెరవడం వేరే స్థాయి పని. గేర్ల మధ్య ఖాళీ, బేరింగుల ముందస్తు బిగింపు అన్నీ షిమ్‌లతో, అంటే పల్చని లోహపు రేకులతో, సరిచూడాలి. ఆ కొలతలకు ప్రత్యేక పరికరాలు, ఆ నమూనాకు చెందిన సర్వీసు పుస్తకం తప్పనిసరి. షిమ్ తప్పితే కొత్త గేర్లు కూడా ఊళ వేస్తాయి, తొందరగా అరుగుతాయి.

మరమ్మతా, మార్పిడా

గింబల్ బేరింగు, క్రాస్‌లు, బెలోస్, కేబులు, ప్రొపెల్లరు, ఈ స్థాయి దాకా మరమ్మతే సరైన దారి. గేర్లు, షాఫ్టు, హౌసింగు మూడూ చెడితే లెక్క మారుతుంది. ఆల్ఫా మొదటి తరానికి పూర్తి ప్రత్యామ్నాయ డ్రైవులు ఇతర తయారీదారుల నుంచి దొరుకుతాయి. కొన్ని పాత ఓఎమ్‌సీ నమూనాల యజమానులు మాత్రం ఒక్క గేరు కోసం నెలలు వెతకాల్సిన పరిస్థితి. డ్రైవు మార్చేటప్పుడు గేరు నిష్పత్తి పాతదానితో సరిపోవాలి. రెండు ఇంజిన్లున్న పడవల్లో ఇది మరీ ముఖ్యం.

భద్రత

పెట్రోలు ఇంజిను గదిలో ఆవిరి పేరుకుంటుంది. స్టార్టు చేసేముందు బ్లోయరును కనీసం 4 నిమిషాలు నడపాలి, దానితో పాటు వాసన కూడా చూడాలి. పాత పడవలో బ్లోయరు గొట్టమే ఊడి ఉండవచ్చు. మూసిన షెడ్డులో ఇంజిను నడపకూడదు, కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. ఒడ్డున గేరులో పరీక్షించేటప్పుడు ప్రొపెల్లరును విప్పి పక్కన పెట్టాలి. లేపి ఉంచిన డ్రైవు కింద పనిచేసేటప్పుడు హైడ్రాలిక్కులను నమ్మక, ఊతం పెట్టాలి.

నివారణ

ఏటా ఒకసారి డ్రైవును విప్పి అలైన్‌మెంట్, బెలోస్, క్రాస్‌లు చూడటం, గేరు ఆయిలు మార్చడం తయారీదారులు చెప్పే కనీస సంరక్షణ. పడవను నిలిపి ఉంచేటప్పుడు డ్రైవును కిందికి దించే ఉంచితే బెలోస్ ముడతలు సహజ స్థితిలో ఉంటాయి. అల్యూమినియం హౌసింగును కాపాడే త్యాగ లోహపు దిమ్మలు మంచినీటికి మెగ్నీషియం, ఉప్పునీటికి జింకు లేదా అల్యూమినియం అయి ఉండాలి. సగం కరిగినవాటిని మార్చాలి, వాటికి రంగు వేయకూడదు. గింబల్ బేరింగుకు గ్రీజు నిపుల్ ఉన్న నమూనాల్లో సీజను మధ్యలో కూడా గ్రీజు ఎక్కించాలి. కొత్త తరం సీలు బేరింగులకు ఆ అవసరం లేదు. పడవ కొన్నవారికి పాత యజమాని చేసిన పనుల చిట్టా దొరక్కపోతే బెలోస్ ఎన్నడూ మార్చలేదనే అనుకుని, మొదటి సీజనుకు ముందే డ్రైవు విప్పి చూసుకోవాలి.